సూదులకు తిన్నదో, నా కోసం తిన్నదో

బుడ్డీ, నా బిడ్డా, నువ్వు పోయినవన్న మాట మీ ఆయిన నాకు ముందుగాల చెప్పనే లేదు. ఫోన్ చేసి "అత్తమ్మా, అన్నం తిన్నవా?" అని అడిగిండు. గంతే.

చదివేటోళ్ళకు చెప్తున్న, నా అల్లుడు మంచోడే. గని పెండ్లయిన కాంచి ఒక్కనాడు నన్ను తిన్నవా అని అడిగినోడు కాదు. ఫోన్ చేస్తె రెండు ముచ్చట్లు చెప్పి బిడ్డకిచ్చేటోడు. ఆ దినం పట్నం దవాఖాన కెల్లి పొద్దుగాలనే చేసి తిన్నవా అంటుండు. నేను ముందటి దినమే బిడ్డ బట్టలు ఉతికి తీస్కపోదామని ఊరికొచ్చిన. మా దిక్కు చావు కబురు ఉత్త కడుపుతోని ఉన్నోళ్ళకు చెప్పరు. చెప్తె మట్టి చేసేదాక ముద్ద ముట్టరు. అందుకే ఒక పూట తినిపిచ్చి అటెంక చెప్తరు. నేను గూడ ఎంతోమందికి గట్లనే చేసిన.

"తినలె. సంగతేందో చెప్పు" అన్న.

"ముందు తిను అత్తమ్మా, మల్ల చేస్త."

"తినను. చెప్పు."

ఎనక ఎవరో ట్రాలీ గుంజుతున్న సప్పుడు వినపడ్డది. "పోయింది" అన్నడు.

నాది మొదటి కాంచి అనుమానపు పానం. గొర్లు కాసేటోళ్ళింట్ల పుట్టి, గొర్లు కాసేటోళ్ళింటికే వచ్చిన. పొద కదిలితె గాలేలే అనుకుంటె పొద్దుమీకె సరికి మంద తగ్గుతది. నా బిడ్డ దీనికి నవ్వుతుండె. "మా అమ్మ పొద్దు పొడిసినంక గూడ, నిజంగ పొడిసిందా అని ఇంకొకసారి బయటికి పోయి చూసొస్తది" అని అందరికి చెప్తుండె. నేను ఇప్పుడు రాసేది గూడ ఒక అనుమానం గురించే. జబ్బు వడ్డంక నా బిడ్డ తిన్న బువ్వ సూదుల వైద్యం పని జేసి తిన్నదా, లేకుంటె నా మొఖం చూసి తిన్నదా అని నేను ఆ ఏడంత కొట్టుకున్న.

నా బిడ్డ కల్వకుర్తిల బస్సు కండక్టరు. ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయినంక బస్సుల కాలు పెట్ట జాగా లేకుంటుండె. గొంతు రాసుకపోయేదాక "ముందుకు జరుగుండ్రి" అని ఒర్రుతుండె. ఆ అలవాటు ఇంట్ల గూడ పోలె. పెండ్లిండ్లల్ల అన్నాల లైన్ల నిలవడి "జర ముందుకు జరుగుండ్రి, ముందట మస్తు జాగ ఉన్నది" అంటుంటె మా చుట్టాలు నవ్వలేక సస్తుండె. తినుడు గూడ కండక్టరు తినుడే. బస్టాండ్ల బస్సు ఆగిన సందుల డబ్బా తెరిచి, నిలవడే తిని, మూత పెట్టి, మల్ల విజిల్ ఊదుడు. ఇంటికొస్తె మాత్రం కింద సక్కలముక్కలు కూసోని తినేది. కూర బాగుందని నోటితోని అనకపోయేది. ఖాళీ పల్లెం నా దిక్కు జరిపేది. గదే మెచ్చుకునుడు.

పిల్లలు అయితలేరని దవాఖానకు పోతె కడుపుల గడ్డ బయటవడ్డది. పట్నంల ఆపరేషన్ చేసిండ్రు, అటెంక కీమో పెట్టిండ్రు. కీమో పెట్టిచ్చుకొని మా ఇంటికి వచ్చినంక, నేను పోపు పెడ్తె బయటికి ఉరుకుతుండె. నీళ్ళు తాగినా వాంతి. దవాఖానోళ్ళు వాంతులకు గోలీలు ఇచ్చిండ్రు. వాటితోని కొంత తగ్గింది, అంత తగ్గలె. పెద్ద డాక్టరమ్మ తూకం చూసి, "గిట్లనే బరువు తగ్గుతుంటె కీమో ఆపాల్సొస్తది. ఏం చేస్తరో, తినాలె" అన్నది. అప్పటికాంచి నాకు ఒక్కటే ఫికర్. బిడ్డ తినాలె. తినకుంటె మందు లేదు, మందు లేకుంటె బిడ్డ లేదు.

మా అల్లుడు జడ్చర్లల మందులు తయారు జేసె కంపెనీల పని చేస్తడు. తోటి పనోడు ఎవరో చెప్పిండని ఒకనాడు వచ్చి, "అత్తమ్మా, జడ్చర్లల సూదుల వైద్యం చేసె డాక్టరు ఉన్నడంట, ఆక్యుపంక్చర్ అంటరు, వాంతులు తగ్గుతయంట" అన్నడు.

"పొద్దంత మందులు తయారు జేసుకుంట మాపటికి సూదులోని కాడికి పోదామంటున్నవా అల్లుడూ? మీ కంపెనీ గోలీలల్ల ఏం కలుపుతున్నరో నాకు ఇప్పుడు అనుమానమొస్తుంది" అన్న.

బిడ్డ పండుకున్నకాడ్నే నవ్వింది. "పోదాం అమ్మా. నువ్వు గూడ రా. నీకు దొంగల్ని పట్టుడు ఇష్టం గదా."

నా అనుమానానికి కారణముంది. నా కడుపు మీద వాతల మచ్చలు ఇప్పటికి ఉన్నయి. చిన్నప్పుడు కామెర్లు అయితె మా అవ్వ కొడవలి మొన కాల్చి పెట్టింది. తగ్గింది. వాతలతోనే తగ్గిందని మా ఇంటోళ్ళంత చెప్పుకుంటుండ్రి. అవే వాతలు పెట్టిచ్చుకొని మా పక్కింటి పిల్ల పోయింది. ఆమెకు టైం మించినంక పెట్టిండ్రని అన్నరు. తగ్గితె వాత గొప్ప, తగ్గకుంటె టైం తప్పు. సూదుల సంగతి గూడ గట్లనే ఉంటదనుకున్న.

ముందుగాల పట్నం డాక్టరమ్మను అడిగినం. తిడ్తదేమో అనుకున్న, తిట్టలె. "కీమో వాంతులకు కొంతమందికి పని జేస్తది. అందరికి చేస్తదని నేను చెప్పలేను. మా గోలీలు ఆపొద్దు, కీమో ఆపొద్దు. రక్తం రిపోర్టు చూడకుండ మాత్రం గుచ్చనియ్యకుండ్రి" అన్నది.

జడ్చర్ల డాక్టరు చిన్న వయసాయిన, అల్లుడంత ఉంటడు. నేను ఆయిన మొఖం చూడలె, చేతులు చూసిన. ఒక ఏడు మా మందకంత ఒక్క సూదితోనే మందు వేపిచ్చినం. ఒక గొర్రె మెడ మీది చీముగడ్డ మందల సగం గొర్లకు అంటుకున్నది. అందుకే ఈయన పాకెట్ చింపుతడా, పాత సూది గుచ్చుతడా అని దగ్గరికి పోయి నిలవడ్డ. కొత్త పాకెట్ చింపిండు. వెంట్రుక లెక్క ఉన్నది సూది. అయిపోయినంక డబ్బల పడేసిండు. పడేసిందాక చూసిన.

"అమ్మా, మీరు జర ఎనకకు జరిగితె నాకు వెలుతురు వస్తది" అన్నడు.

"ముందుకు జరుగుమనే అలవాటు మా బిడ్డది, ఎనకకు జరిగే అలవాటు నాకు లేదు సారూ" అన్న.

మణికట్టుకు మూడు వేళ్ళ కింద, రెండు నరాల నడ్మ గుచ్చిండు. మోకాలి కింద ఒకటి గుచ్చిండు. నొప్పి ఉందా అని అడిగితె, "చీమ గూడ గింతకన్న గట్టిగ కుడ్తది సార్" అన్నది నా బిడ్డ. నాకు గూడ ఒక పని చెప్పిండు. కీమోకు పోయేటప్పుడు బస్సుల ఆ మణికట్టు జాగ మీద బొటనవేలు పెట్టి ఒత్తాలంట. నమ్మలె, గని ఒత్తిన. కల్వకుర్తి కెల్లి పట్నం దాక వేలు మార్చుకుంట ఒత్తిన.

మల్ల కీమో అయినంక వాంతులు తగ్గినయని చెప్పింది. చెప్పింది అంటున్న, ఎందుకంటె నేను చూడలె. బాత్‌రూంలకు పోయి నల్లా తిప్పుతుండె. ఆ సప్పుడు చాటున కక్కుతుందేమోనని ఒకనాడు తలుపుకు చెవి ఆనిచ్చి నిలవడ్డ. తలుపు తీసి నన్ను చూసి, "చెకింగోళ్ళ లెక్క దారికి అడ్డం నిలవడ్డవ్, టికెట్ చూపియ్యాల్నా?" అన్నది. నోరు కడుక్కుందో, మొఖం కడుక్కుందో నాకైతె తెల్వలె. మొఖమంత తడిగుండె.

ఒకసారి రిపోర్టు చూసి డాక్టరు గుచ్చనన్నడు. తెల్లకణాలు తక్కువున్నయి, ఇయ్యాల సూది వద్దు, పోయి రెస్టు తీసుకోమన్నడు. వచ్చిన పైసలు ఇడిసిపెట్టి పంపుతున్నడంటె దొంగ కాదేమో అనుకున్న. బస్సెక్కినంక, మంచోడని అనిపిచ్చుకుందామని పంపిండేమో అని గూడ అనుకున్న. గది నా బుద్ధి.

అప్పుడే మా ఇంట్ల తల్లి సచ్చిన గొర్రెపిల్ల ఒకటి ఉండె. సీసతోని పాలు వడ్తె నోరు తెరువకపోయేది. దాన్ని చూస్తుంటె నాకొక ఆలోచన వచ్చింది. బిడ్డ డాక్టరును నమ్మింది, నమ్మి తింటుందేమో. గొర్రెపిల్లకు డాక్టరెవరో ఎరుక లేదు, సూదేందో ఎరుక లేదు. దానికి గుచ్చి, అది పాలు తాగితె సూదుల మహిమ నిజమన్నట్టే. మల్ల పోయే దినం దాన్ని సంకనెత్తుకొని బస్సెక్కిన.

బిడ్డ తల మీద స్కార్ఫు సవరిచ్చుకొని, "అమ్మా, నువ్వు నాతోని వస్తున్నవా, అంగడికి పోతున్నవా?" అన్నది.

కండక్టరు బిడ్డకు తెలిసిన పిల్లనే. "అక్కా, మీ అమ్మకు జీరో టికెట్. గీ పిల్లకు ఏం కొట్టాలె?" అని అడిగింది.

"కొట్టు, రూలు రూలే. ఆడపిల్లనో మగపిల్లనో చూసి కొట్టు" అన్నది నా బిడ్డ. బస్సంత నవ్విండ్రు.

డాక్టరు కాడ ముచ్చట చెప్పిన. "సారూ, మా బిడ్డకు మీ మీద నమ్మకముంది. దీనికి లేదు. దీనికి గుచ్చుండ్రి. ఇది తాగితె నేను ఒప్పుకుంట." కూసున్నోళ్ళంత మూతులకు కొంగులు అడ్డం పెట్టుకున్నరు. డాక్టరు నవ్వలె. పిల్ల మెడ నిమిరి, "అమ్మా, మనుషులకు ఎక్కడ గుచ్చాల్నో చదువుకున్న. దీనికి ఎక్కడ గుచ్చాల్నో నాకు తెల్వదు. తెల్వనికాడ గుచ్చను. గుచ్చినా, అది తాగినా, ఒక్క పిల్లను చూసి ఏం తెలుస్తది? ఆకలికి తాగిందనుకుంటరు మల్ల" అన్నడు. నేను నిజంగ గట్లనే అందును.

మేము మాట్లాడుతుంటె పిల్ల నా సంకల కెల్లి మెడ సాచి, మంచం మీద పరిచిన కాగితం పట్టుకొని గుంజింది. సరసర చింపి నమిలింది. మణికట్టుల సూదులతోని పండుకున్న నా బిడ్డ పకపక నవ్వింది. జబ్బు వడ్డంక గట్ల నవ్వుడు అదే. "నవ్వకమ్మా, సూదులు కదుల్తయి" అంటుండు డాక్టరు. ఆయిన గూడ నవ్వుతుండు అప్పటికి.

ఆ మాపున బిడ్డ జొన్న గట్క, పచ్చిపులుసు అడిగి తిన్నది. పల్లెం నా దిక్కు జరిపింది. తిన్నంక సీస తీసుకొని గొర్రెపిల్ల నోట్ల పెడ్తె, అది గుటగుట తాగింది. దానికి ఎవ్వరు సూది గుచ్చలె. సూదులకు తిన్నదా, నవ్వుకు తిన్నదా, దవాఖాన గోలీలకు తిన్నదా అని నేను పొయ్యి కాడ కూసోని లెక్క కట్టుకుంట ఉన్న. తేలలె.

కొన్ని కీమోలయినంక స్కానింగు తీసి, గడ్డ మల్ల పెరిగిందన్నరు. ఇంకో రకం మందు పెట్టి చూద్దాం, బలం మాత్రం ఉండాలె అన్నరు. అల్లుడు పరేషానై ఫోన్ల వీడియోలు చూసి ఒకాయినను ఇంటికి పిలుచుకొచ్చిండు. తెల్ల బట్టలు, మంచి మాట. ఆయిన గూడ సూదులు గుచ్చుతడంట. "కీమో విషం. బందు చేయుండ్రి. గడ్డకు తిండి అందకుంట చేస్తె ఎండిపోతది. అన్నం మానిపిచ్చుండ్రి, పండ్ల రసం పొయ్యుండ్రి. సూదులతోని నేను కరిగిస్త" అన్నడు.

ఇంటికొచ్చినోడు గనక కోడికూర వండి పెట్టిన. ఆయిన మంచిగ తిన్నడు. మల్ల పెట్టిచ్చుకున్నడు. "సారూ, బిడ్డకు వద్దన్న బువ్వ మీకు బాగనే పోతాంది" అన్న. అల్లుడు నా దిక్కు ఉరిమి చూసిండు.

బిడ్డ గోడకు ఒరిగి కూసోని మెల్లగ అడిగింది. "సార్, బస్సుల దొంగ ఎక్కిండని డీజిల్ బందు పెడ్తరా?"

ఆయిన ఏదో చెప్పిండు, వినలె. ఆయిన పోయినంక అల్లుడు జడ్చర్ల డాక్టరుకు ఫోన్ చేసి మా అందరికి వినపడేటట్టు పెట్టిండు. "సూదులకు గడ్డ కరగదు. వాంతికి, పానం గుంజుడుకు, నొప్పికి జర ఆసరైతది, గంతే. కరుగుతదని రేపు నేనే చెప్పినా నమ్మకుండ్రి. ఆమెను తిననియ్యుండ్రి" అన్నడు. ఆ ఒక్క మాట నాకు అనుమానం లేకుండ నెత్తికెక్కింది. జబ్బు మనిషిని తినకు అన్నోడు ఎవడైనా సరే, మీరు గడప దాటనియ్యకుండ్రి.

కొత్త మందు గూడ పని చెయ్యలె. ఆఖరుకు నొప్పులకు పట్నం దవాఖానల ఉంచినం. ఒకనాడు మధ్యాహ్నం అల్లుడు మందుల కోసం పోయిండు. నేను మణికట్టు ఒత్తుకుంట కూసున్న. ఇగ ఇప్పుడు దాచేదేమున్నదని అడిగిన.

"బిడ్డా, నిజం చెప్పు. సూదులకు నీకు తగ్గిందా, నాకోసం తగ్గిందని చెప్పినవా?"

కండ్లు మూసుకొనే చెప్పింది. "తగ్గింది అమ్మా. అబద్ధం కాదు. గుచ్చిచ్చుకొని వచ్చినంక కడుపుల తిప్పుడు ఆగేది. గని ప్రతిసారి కాదు."

"మరి ఆగనినాడు గూడ తింటివి గదా. ఎందుకు తిన్నవ్?"

"నేను తినకుంటె నువ్వు తింటలేకుంటివి."

నా వేలు ఆ జాగ మీదనే ఆగిపోయింది.

"నువ్వు నన్ను చూసుకుంట కూసుంటివి, నేను నిన్ను చూసుకుంట పండుకుంటిని. నా పల్లెం ఖాళీ అయితెనే నువ్వు పెట్టుకుంటివి. నీకు షుగర్ ఉన్నది. గందుకే మింగిన కొన్నిసార్లు." మల్ల, "ఏ దినం ఏదో మాత్రం అడగకు. నాకు యాదికి లేదు" అన్నది.

యాదికి లేదన్నది నేను నమ్మలె. గని అడగలె. గట్కనాడు సూదులకు తిన్నదని అనుకుంట. అప్పుడప్పుడు అనుకోను.

బిడ్డ పోయినంక కొన్ని దినాలకు అమ్రాబాద్ దిక్కు కెల్లి ఒకామె అడుగుకుంట వచ్చింది. ఆమె పెనిమిటికి గొంతుల జబ్బంట, కీమో పెడ్తున్నరంట, తిననే తింటలేడంట. "మీ బిడ్డకు సూదులు గుచ్చిచ్చిండ్రంట గదమ్మా, పని జేసినయా?" అని గడపల నిలవడే అడిగింది.

ఉన్నదున్నట్టు చెప్పిన. "దవాఖాన మందు ఇడవకు. అక్కడి డాక్టరును అడిగి పో. రక్తం రిపోర్టు చూడమను. కొత్త సూది పాకెట్ నీ ముందర చింపుమను. జర ఆసరైతదేమో, కాదేమో. జబ్బు పోతదని అన్నోడుంటె అక్కడి కెల్లి లేశి రా" అన్న. ఆమె కొంగు కొసను వేలికి చుట్టుకుంట అన్ని విన్నది. చేతి నరాలు పైకి తేలి ఉండె.

"నువ్వేం తిన్నవు పొద్దుగాల?" అని అడిగిన.

"ఛాయ్ తాగిన."

"రాత్రి?"

కొంగు కొసను వేలికి ఇంకో చుట్టు చుట్టింది.

కూసోమని, ఇంత అన్నం, పప్పుచారు పెట్టిన. వద్దమ్మా, బస్సు టైమైతది అన్నది. ఇంకో బస్సొస్తది తిను అన్న. మొదటి ముద్ద నోట్ల పెట్టుకోనీకె శానసేపు చేసింది. రెండోదానికి తల వంచింది. అటెంక ఇగ తలెత్తలె. తింటుంటె కండ్ల నీళ్ళు పల్లెంల వడుతుండె, తుడుసుకోలె, వాటితోనే కలుపుకొని తింటుండె. చారు ఒడిసినంక తలెత్తకుండనే గిన్నె దిక్కు చెయ్యి సాచింది. నేను పోసిన.

గిది చదివేటోళ్ళ ఇండ్లల్ల గూడ మంచాన వడ్డోళ్ళు ఉంటె ఉండొచ్చు. వాళ్ళకు పెట్టుండ్రి, పెట్టి పక్కన కూసోని మీరు గూడ తినుండ్రి. కడుపు నిండ, మంచిగ తినుండ్రి.